రెండోసారి చేయిస్తేనే వర్క్‌షాప్: కాలేజీ విద్యార్థులను ఉద్యోగానికి తయారుచేసే సమగ్ర మార్గదర్శి

నేను పెట్టించిన మొదటి వర్క్‌షాప్ ఆడిటోరియంలో జరిగింది. రెండు వందల మంది పిల్లలు, మాటకారి అయిన వక్త, రెండు గంటలు. నవ్వించారు, చప్పట్లు కొట్టించారు. మెయిల్ ఎలా రాయాలో అరగంట విడమరిచి చెప్పారు. చివర్లో పంచిన ఫీడ్‌బ్యాక్ ఫారాల నిండా ‘ఎక్సలెంట్’లే. సరిగ్గా వారానికి అదే పిల్లలు ప్రాజెక్టు గడువు పెంచమని నాకు మెయిళ్ళు పెట్టారు. సగం మెయిళ్ళకు సబ్జెక్ట్ లైనే లేదు. కొన్నిట్లో ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అన్న ఒక్క ముక్క, అంతే. ఒకబ్బాయి కాగితం మీద లెటర్ రాసి, దాన్ని ఫోన్లో ఫొటో తీసి, ఆ ఫొటో మాత్రమే పంపాడు.

వక్తను తప్పుపట్టలేను. మెయిల్ గురించి విన్న పిల్లలకు మెయిల్ గురించి తెలిసింది, మెయిల్ రాయడం రాలేదు. అంతకు మించి ఎందుకు రావాలి? ఆ రెండు గంటల్లో ఒక్కరి చేత ఒక్క వాక్యం రాయించలేదు కదా.

అప్పటినుంచి నేను పట్టుకున్న కొలబద్ద ఒకటే. పని చేయించాలి, ఎక్కడ పొరపాటు జరిగిందో చూపించాలి, అదే రోజు అదే గదిలో ఆ పనిని మళ్ళీ చేయించాలి. రెండో ప్రయత్నానికి టైం లేకపోతే దానికి ఏ పేరైనా పెట్టుకోండి, వర్క్‌షాప్ అని మాత్రం అనకండి. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు, సూక్ష్మ బోధన అంటే ఇదే. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. కాబోయే టీచరు నలుగురైదుగురు పిల్లలకు ఐదు, పది నిమిషాల పాఠం చెప్పాలి, ఎక్కడ తడబడిందీ చూసుకోవాలి, మళ్ళీ చెప్పాలి. కింద చెప్పే దశలన్నీ ఆ రెండో ప్రయత్నానికి చోటు చేయడం కోసమే.

అధ్యాపకులు, ప్లేస్‌మెంట్ వ్యవహారాలు చూసేవాళ్ళు, జూనియర్ల కోసం ఏదైనా చేద్దామనుకునే సీనియర్లు, ఎవరైనా ఇది వాడుకోవచ్చు.

1. ఏం కావాలని అడగకండి, ఏం రాదో చూడండి

‘మీకు ఏ టాపిక్ మీద వర్క్‌షాప్ కావాలి?’ అని ఫారం పంపితే తొంభై మంది ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అని టిక్ పెడతారు. దానితో మీరు చేయగలిగిందేమీ లేదు. ఆ మాటలో మెయిలూ ఉంది, ఇంటర్వ్యూ ఉంది, మీటింగులో నోరు విప్పలేకపోవడమూ ఉంది. ఆఖరికి ఫోన్ ఎత్తడానికి భయపడటం కూడా అందులోనే ఉంది.

ఫారానికి బదులు మూడు చిన్న పనులు ఇవ్వండి. ఒకటి, ఇంటర్న్‌షిప్‌లో ఇవ్వాల్సిన రిపోర్టు ఆలస్యమవుతోందని మేనేజరుకు మెయిల్ రాయడం, పది నిమిషాల్లో. రెండు, ఇప్పుడున్న రెజ్యూమే ఉన్నది ఉన్నట్టుగా పంపడం. మూడు, ‘ఎదురైన ఒక ఇబ్బందిని ఎలా దాటావు?’ అన్న ప్రశ్నకు 90 సెకన్ల జవాబు ఫోన్లో రికార్డు చేయడం. మార్కులుండవని ముందే చెప్పండి. ఒక సాయంత్రం కూర్చుని ఓ నలభై మందివి చదివితే, వింటే, తప్పులు గుంపులు గుంపులుగా కనబడతాయి. వర్క్‌షాప్‌లో ఏం చేయించాలో ఆ గుంపులే చెబుతాయి. ఈ పాత మెయిళ్ళను, రికార్డింగులను పారేయకండి, చివర్లో మళ్ళీ కావాలి.

ఇంకో ఆధారం, ఉద్యోగంలో చేరి ఏడాది లోపే అయిన సీనియర్లు. వాళ్ళను సలహాలు అడగకండి, ‘మొదటి మూడు నెలల్లో ఎక్కడ ఇరుక్కున్నావు?’ అని అడగండి. నేను అడిగినప్పుడు సాంకేతిక విషయాలు వస్తాయనుకున్నాను. వచ్చినవి వేరు. చెప్పిన పని అర్థం కాకపోయినా తలూపేయడం, తెలియదని చెప్పడానికి మొహమాటపడి రెండు రోజులు వృథా చేసుకోవడం, తప్పు జరిగితే ఎవరికి ముందు చెప్పాలో తెలియకపోవడం. ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు.

2. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో, కంటికి కనబడేలా రాయండి

‘విద్యార్థుల్లో ఆత్మవిశ్వాసం పెంపొందించుట’ బ్రోచర్లో అచ్చేయడానికి బాగుంటుంది. పెరిగిందో లేదో మాత్రం ఎవరూ చూడలేరు. ‘ఈ పూట అయ్యేసరికి ప్రతి ఒక్కరూ ఆలస్యం గురించి ఆరు వాక్యాలకు మించని మెయిల్ రాయగలగాలి, చదివినవాళ్ళు తిరిగి ఏమీ అడగాల్సిన అవసరం రాకూడదు’ అని రాయండి. ఇలాగైతే చూడగలం, అయ్యిందో లేదో చెప్పగలం.

ఒక పూటకు ఒక్క లక్ష్యం చాలు. రెజ్యూమే, ఇంటర్వ్యూ, గ్రూప్ డిస్కషన్, బాడీ లాంగ్వేజ్ అన్నీ ఒకే రోజున కుక్కితే ఏదీ రెండోసారి చేయించడానికి వీలుపడదు. పోస్టర్ నిండుగా కనబడుతుంది, పని తూతూ మంత్రంగా ముగుస్తుంది.

3. మనుషులు, గది, టైం: లెక్క వేసుకోండి

ఇక్కడే చాలా వర్క్‌షాపులు చెడిపోతాయి, అదీ మొదలుకాకముందే. హాల్లో 120 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు లేచి మూడు నిమిషాలు మాట్లాడాలంటే 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. అందుకే అలాంటి చోట నోరున్న నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్ళు ప్రేక్షకులవుతారు. అదే 120 మందిని ముగ్గురేసి చొప్పున 40 జట్లు చేస్తే, అన్ని జట్లూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి తొమ్మిది నిమిషాల్లో అందరి వంతూ వచ్చేస్తుంది.

జట్టుకు ముగ్గురే ఎందుకు? ఒకరు చేస్తారు, ఒకరు ఎదుటివాళ్ళుగా ఉంటారు, మూడో మనిషి మాట్లాడకుండా చూసి రాసుకుంటారు. ఇద్దరే అయితే చూసేవాళ్ళుండరు. నలుగురైతే ఒకరు ఫోన్ తీస్తారు.

అయినా 120 మందిని ఒక్కరే సంభాళించలేరు. ఒకరు నడిపేటట్టయితే 30 నుంచి 36 మంది దాకా సరి. అంతకంటే ఎక్కువమంది ఉంటే బ్యాచ్‌లు చేయండి, లేదా ప్రతి పది జట్లకు ఒక సీనియర్‌ను పెట్టండి. మెట్లమెట్లుగా కుర్చీలు బిగించేసిన హాలు వద్దు. ఆడిటోరియం కంటే బల్లలు జరపగలిగే పాత ల్యాబ్ నయం.

రోజంతా ఒకటే పెట్టాలా, విడివిడిగానా? విడివిడిగానే. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనోవైజ్ఞానికుడు అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకుని 1885లో ప్రచురించాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుంది, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుంది. అర్థంలేని అక్షరాలు వేరు, ఇంటర్వ్యూ జవాబు వేరు, ఒప్పుకుంటాను. కానీ వారం వారం ఎడంతో నాలుగు 90 నిమిషాల పూటలు పెట్టినప్పుడు, ప్రతి పూటా ముందు నేర్చుకున్నదాన్ని ఇంకోసారి తవ్వి తీయాల్సి వస్తుంది. ఏకబిగిన ఆరు గంటల్లో ఆ అవకాశం లేదు. ఇంటర్వ్యూలు రేపున్నాయనగా ఇవాళ పెట్టే వర్క్‌షాప్ వల్ల కంగారు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

4. 90 నిమిషాలను ఎలా ఖర్చుపెట్టాలి

పరిచయాలు, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి సందేశం వద్దు. గదిలోకి రాగానే పని ఇచ్చేయండి. మొదటి 10 నిమిషాలు ఏ సూచనా లేకుండా చేయాలి, వచ్చినట్టు రానివ్వండి. తమకు ఎక్కడ రావడం లేదో అనుభవమయ్యాకే చెప్పింది చెవికెక్కుతుంది.

తర్వాత 15 నిమిషాలు రెండు నమూనాలు పక్కపక్కన చూపించండి, ఒకటి అధ్వానం, ఒకటి బాగున్నది. తేడా ఏమిటో మీరు చెప్పకండి, వాళ్ళ నోటితోనే రావాలి. మీరు బోర్డు మీద రాస్తే చాలు. ఆపైన 20 నిమిషాలు ముగ్గురి జట్లలో మొదటి ప్రయత్నం. మూడు నిమిషాలు చేయడం, రెండు నిమిషాలు వినడం, వంతు మారడం. ఆ తర్వాత 10 నిమిషాలు ఆగి, మీరు తిరుగుతూ చూసిన రెండు మూడు పొరపాట్లను పేర్లు చెప్పకుండా అందరి ముందూ పెట్టండి. మళ్ళీ 20 నిమిషాలు రెండో ప్రయత్నం, జట్లు మార్చకుండా. మొదటిసారి చూసినవాళ్ళే రెండోసారీ చూస్తే మార్పు తెలుస్తుంది. చివరి 10 నిమిషాల్లో ఎవరికి వాళ్ళు ఒక్క వాక్యం రాసుకోవాలి: ఈ వారంలో ఎక్కడ, ఎవరితో, ఇది వాడతాను.

కూడితే 85. మిగతా ఐదూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు తినేస్తారు.

టైం చాలకపోతే ఏది కోస్తారు? అలవాటు కొద్దీ రెండో ప్రయత్నాన్నే కోస్తాం, ఎందుకంటే అది చివర్లో ఉంటుంది. కోయాల్సింది మీ మాటల్ని.

5. ఏమేం చేయించాలి

అందరికీ ఒకే మందు పనిచేయదు కాబట్టి ఈ వరస మీ పిల్లల తప్పుల్ని బట్టి మార్చుకోండి. నేను మాత్రం రెజ్యూమేతో మొదలుపెట్టను.

*పని చెబితే అర్థం చేసుకోవడం.* నాకు బాగా ఇష్టమైన అభ్యాసం ఇది. ప్రతి ఒక్కరికీ 30 ఫిర్యాదు చీటీల జిరాక్స్ ఇస్తాను. బాస్‌లా మొహం పెట్టి, ‘వీటన్నిటినీ ఒక పట్టికలో పెట్టి ఇచ్చెయ్యి, తొందరగా’ అంటాను. అంతే, ఇంకేమీ చెప్పను. ఒకరిద్దరు చెయ్యెత్తబోతారు, పక్కవాళ్ళు అప్పటికే రాసేస్తున్నారని చూసి దించేస్తారు. పదిహేను నిమిషాల తర్వాత పట్టికలు గోడకు అంటిస్తాం. ఒకరు తేదీల వరసలో పెట్టారు, ఇంకొకరు పేర్ల వరసలో. ఒకమ్మాయి 30 చీటీలనూ అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసింది, చెయ్యి నొప్పి పుట్టింది పాపం. ఒకబ్బాయి తనకు చిన్నవిగా తోచిన ఫిర్యాదుల్ని తీసేశాడు.

అప్పుడు చెబుతాను. నాకు కావాల్సింది ఏ రకం ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క. ఐదు వరసలు, ఐదు అంకెలు. గదంతా ఒక్కసారి ‘అయ్యో’ అంటుంది. ఎవరో ఒకరు, ‘మీరు చెప్పలేదు కదా సర్’ అంటారు. నిజమే, చెప్పలేదు. ఆఫీసుల్లో పని చెప్పేవాళ్ళు అలాగే సగం చెబుతారు. మిగతా సగం అడిగి తెలుసుకోవాలి. ఏమేం అడగాలో అప్పుడు బోర్డు మీద తేలుతుంది: ఇది ఎవరికోసం? దీన్ని చూసి వాళ్ళేం నిర్ణయిస్తారు? ఎప్పటికి కావాలి? ఇంతకుముందు చేసింది ఒకటి చూపిస్తారా? చివరగా, అర్థమైనదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పడం. ‘అంటే, రకాన్ని బట్టి లెక్క, సాయంత్రం నాలుగుకి, ఒక్క పేజీలో, అంతే కదండీ?’ వెంటనే ఇంకో సగం సగం ఆదేశం ఇస్తాను. ఈసారి చేతులు లేస్తాయి.

*సాయం అడగడం, చెడ్డ కబురు చెప్పడం.* తెలియకపోతే అడగమని అందరూ చెబుతారు, ఎలా అడగాలో చెప్పరు. ‘సర్, రావట్లేదు’ అంటే ఎదుటివాళ్ళకు విసుగు. నేను నేర్పేది మూడు ముక్కలు: ఏం చేయాలనుకుంటున్నాను, ఏమేం ప్రయత్నించాను, సరిగ్గా ఎక్కడ ఆగిపోయాను. చిన్న పనికి ఓ ఇరవై నిమిషాలు సొంతంగా కుస్తీ పట్టి, ఆ తర్వాత అడగడం మంచి అలవాటు. రెండు నిమిషాలకే పరిగెత్తడం ఎంత చెడ్డదో రెండు రోజులు దాచుకోవడం అంతకంటే చెడ్డది.

చెడ్డ కబురుకు మెయిల్ అభ్యాసం సరిపోతుంది. మొదటి పది నిమిషాల్లో వచ్చే మెయిల్ ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘గౌరవనీయులైన సర్, నేను మీ వద్ద ఇంటర్న్‌గా పనిచేయుచున్నాను. కొన్ని అనివార్య కారణముల వలన నేను సమర్పించవలసిన రిపోర్టు ఆలస్యమగునని తెలియజేయుటకు చింతిస్తున్నాను. దయచేసి సహకరించగలరు.’

ఇది చదివిన మేనేజరుకు మూడు ప్రశ్నలు మిగిలిపోయాయి. ఏమైంది? ఎప్పటికి వస్తుంది? ఇప్పుడు నేనేం చేయాలి? వాటికి జవాబులు పెట్టి రెండోసారి రాయమంటే:

‘విషయం: ఫిర్యాదుల రిపోర్టు, శుక్రవారానికి బదులు సోమవారం ఉదయం 11కి.
సర్, శుక్రవారం ఇస్తానన్న రిపోర్టు సోమవారం ఉదయం 11 లోపు ఇస్తాను. మూడు పట్టికల్లో రెండు పూర్తయ్యాయి, జతచేశాను. మూడోదానికి కావాల్సిన మార్చి నెల వివరాలు నాకింకా రాలేదు, నిన్న మళ్ళీ అడిగాను. మీకు శుక్రవారమే కావాలంటే ఈ రెండు పట్టికలతో సర్దుకోవచ్చేమో చెప్పండి.’

మర్యాద ఏమీ తగ్గలేదు. మర్యాదంటే బరువైన మాటలని పిల్లలకు లెటర్ రైటింగ్ పాఠాల్లో అలవాటైంది. చదివేవాళ్ళ టైం మిగల్చడమే అసలైన మర్యాద అని చెబితే వాళ్ళకు ముందు నమ్మకం కుదరదు. ఒకరి మెయిల్ ఇంకొకరికిచ్చి, ‘నువ్వే మేనేజర్‌వి, ఇప్పుడేం చేస్తావు?’ అని అడగండి, అప్పుడు కుదురుతుంది.

*ఇంటర్వ్యూ జవాబు.* ‘ఎప్పుడైనా ఇలాంటి పరిస్థితి ఎదురైందా, ఏం చేశావు?’ అన్న తరహా ప్రశ్నలకు స్టార్ పద్ధతి చాలామందికి తెలిసిందే. సందర్భం, నీ మీద పడ్డ పని, నువ్వు చేసింది, ఫలితం. పేరు తెలిసినంత మాత్రాన జవాబు రాదు. పిల్లలు సందర్భం దగ్గరే సంసారం పెడతారు. ఫెస్ట్ ఎప్పుడు జరిగిందీ, ఎన్ని డిపార్ట్‌మెంట్లు వచ్చిందీ, వానెలా పడిందీ చెబుతూ నిమిషం గడిపేసి, చివర్లో ‘అలా మేమంతా కలిసి విజయవంతం చేశాం’ అంటారు. అందులో అతను చేసిందేమిటో ఒక్క ముక్క తెలియదు.

దీనికి మందు మూడో మనిషి చేతిలోని గడియారం. చెప్పే జవాబులో సందర్భం 20 సెకన్లు దాటగానే బల్ల మీద తట్టాలి. ‘మేము’ అన్నప్పుడల్లా కాగితం మీద గీత పెట్టాలి. రెండో ప్రయత్నంలో ప్రతి ‘మేము’కీ బదులుగా ‘అందులో నేను చేసింది’ అని విడదీసి చెప్పాలి. గీతలు తొమ్మిది నుంచి రెండుకు పడిపోతే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ ఉపాయం నా సొంతం కాదు. 1924లో రాల్ఫ్ స్మెడ్లీ అమెరికాలో మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఒకరు టైం చూస్తారు, ఒకరు ‘ఆ…’, ‘ఊఁ…’లను లెక్కపెడతారు, ఒకరు రెండు మూడు నిమిషాల్లో విశ్లేషణ చెబుతారు. కాలేజీలో ఇదంతా జేబు ఫోనుతో చేసుకోవచ్చు.

*రెజ్యూమే.* కాగితం తెచ్చుకోమనండి, ఒక్క లైనే బాగుచేయించండి. ‘ఫెస్ట్‌లో వాలంటీర్‌గా పనిచేసి నాయకత్వ లక్షణాలు అలవరచుకున్నాను’ అన్న లైన్ గదిలో సగం మందికి ఉంటుంది. దాన్ని ‘రెండు రోజుల ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ డెస్క్ చూశాను, ఆరుగురు వాలంటీర్లకు షిఫ్టులు వేశాను, క్యూ పెరగడంతో పేర్ల మొదటి అక్షరాన్ని బట్టి మూడు బల్లలకు విడదీశాను’ అని మార్చగానే ఒక మనిషి కనబడతాడు. నాయకత్వం అన్న మాట రాయక్కర్లేదు, చదివినవాళ్ళకే తడుతుంది. అంకెలు నిజమైనవే రాయాలి. ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వాటి మీదే వస్తుంది.

పెద్ద కంపెనీల్లో రెజ్యూమేలను మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు నిలువు వరసలు, బొమ్మల్లో పెట్టిన అక్షరాలు, స్టార్లతో వేసిన స్కిల్ రేటింగులు దాన్ని తికమక పెట్టవచ్చు. సులువైన పరీక్ష ఒకటుంది. రెజ్యూమే మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయించండి. వరస చెదిరితే డిజైన్ మార్చుకోవాలి.

*ఏఐ సంగతి.* వాడొద్దంటే మానరు, మానాల్సిన పనీ లేదు. ‘మీ గురించి చెప్పండి’కి ఏఐతో జవాబు రాయించుకోమని, దాంట్లో పక్కవాళ్ళకు కూడా అతికే వాక్యాలన్నీ కొట్టేయమనండి. ఒక్కోసారి పేరూ, ఊరూ తప్ప ఏదీ మిగలదు. మిగలాల్సినది ఏమిటో అప్పుడు వాళ్ళే రాసుకుంటారు.

*పరిచయాలు పెంచుకోవడం.* 1973లో సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్ ప్రచురించిన వ్యాసం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. బోస్టన్ శివారులో ఉద్యోగం మారినవాళ్ళను ఆయన అడిగితే, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ళలో ఆ పరిచయస్థుణ్ణి తరచూ కలిసేవాళ్ళు ఆరింట ఒక వంతు మాత్రమే. మిగతావాళ్ళకు సాయపడింది ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ళు. మన పక్కనుండే స్నేహితుడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. కాబట్టి ముఖ పరిచయం మాత్రమే ఉన్న సీనియర్‌కు నాలుగు లైన్ల మెసేజ్ రాయించండి. ‘రెఫరల్ ఇవ్వండి అన్నా’ కుదరదు. ‘మీరు టెస్టింగ్ నుంచి డేటా వైపు మారారని చూశాను, ఆ మార్పుకు ముందు ఏం నేర్చుకున్నారో అడగాలనుంది, పదిహేను నిమిషాలు వీలవుతుందా అక్కా?’ లాంటిది. వర్క్‌షాప్‌లోనే పంపించేయాలి, ఇంటికెళ్ళి పంపుతామన్నవాళ్ళు పంపరు.

గ్రూప్ డిస్కషన్‌కు ఒక్క సూచన చాలు: ముందు మాట్లాడినవాళ్ళ పాయింటును ఒక్క వాక్యంలో చెప్పాకే తన మాట మొదలుపెట్టాలన్న నియమం పెట్టండి. అరుపులు వాటంతటవే తగ్గుతాయి. బట్టలు, కూర్చునే తీరు, కరచాలనం ఐదు నిమిషాల ముచ్చట. వాటికి పూటలు కేటాయించేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం.

6. తప్పు చెప్పడం కూడా నేర్పండి

జట్లలో వదిలేస్తే పిల్లలు ఒకరికొకరు ‘సూపర్ రా’ అంటారు, లేదా ‘నీకు కాన్ఫిడెన్స్ లేదు’ అంటారు. రెండూ పనికిరావు. మొదటి పూటలోనే ఒక అచ్చు ఇవ్వండి: నేను చూసింది ఇది, దానివల్ల ఇలా అయింది, ఈసారి ఇలా చెయ్యి. ‘ప్రశ్నను రెండుసార్లు తిరిగి చెప్పావు, అసలు సంగతి వచ్చేసరికి నిమిషమైంది, ఈసారి మొదటి వాక్యంలోనే ఫలితం చెప్పెయ్యి.’ అచ్చం ఇలా. మనిషి గుణం గురించి కాదు, ఆ మూడు నిమిషాల్లో కళ్ళకు, చెవులకు అందినదాని గురించి.

ఒక్కసారికి ఒక్క తప్పే. మీకు ఏడు కనబడతాయి, ఏడూ చెబితే రెండో ప్రయత్నంలో ఎనిమిదోది వస్తుంది.

భాష దగ్గర కాస్త మెలకువ కావాలి. ఇంగ్లీషులో తడబడే పిల్లల్ని నేరుగా ఇంగ్లీషులో చెప్పమంటే, వాళ్ళకు విషయం లేదో మాట లేదో మీకు అర్థం కాదు. మొదటి ప్రయత్నం మాతృభాషలో చేయనివ్వండి. విషయం వరసలో పడ్డాక రెండో ప్రయత్నం ఉద్యోగంలో వాడే భాషలో. ‘వీడికేమీ రాదు’ అనుకున్న కుర్రాడు సొంత భాషలో ల్యాబ్ పరికరం బాగుచేసిన కథను నాలుగు వాక్యాల్లో, ఎక్కడా తొణక్కుండా చెప్పడం చూశాను. అతనికి కావాల్సింది పాతిక ముప్ఫై ఇంగ్లీషు మాటలు. వ్యక్తిత్వ వికాసం అక్కర్లేదు.

నోరు మెదపని పిల్లల్ని అందరి ముందుకు లాగకండి. ఇద్దరిలో, ముగ్గురిలో మాట్లాడితే చాలు. ముందు గడియారం పట్టుకునే పని ఇవ్వండి.

7. అతిథిని పిలిస్తే పని చెప్పండి

ఇరవై ఏళ్ళ అనుభవమున్న పెద్దలు తమ ప్రయాణం చెబుతారు, అది వినడానికి బాగుంటుంది. వాళ్ళకు మొదటి నెల ఎలా గడిచిందో గుర్తుండదు. ఏడాది, రెండేళ్ళ క్రితం చేరినవాళ్ళే ఈ పనికి సరిపోతారు. వాళ్ళను ప్రసంగించమనకండి. ముందే పిల్లల మెయిళ్ళు ఐదు పంపి, ‘ఇవి నీకే వస్తే ఏం చేస్తావో అందరి ముందు గట్టిగా ఆలోచించు’ అనండి. ఇంటర్వ్యూ పూటలో వాళ్ళను జట్ల మధ్య తిప్పండి. మైక్ చేతికివ్వకపోవడం ఉత్తమం, ఇస్తే ఎంత మంచివాళ్ళకైనా నలభై నిమిషాలు పడుతుంది.

8. మూడు వారాల తర్వాత మళ్ళీ కొలవండి

శిక్షణను ఎలా అంచనా వేయాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లుగా చెప్పాడు. పాల్గొన్నవాళ్ళకు నచ్చిందా, నేర్చుకున్నారా, తర్వాత అలా చేస్తున్నారా, దానివల్ల చివరికి ఫలితం వచ్చిందా. నా ఆడిటోరియం ఫారాల్లోని ‘ఎక్సలెంట్’లన్నీ మొదటి మెట్టు మీదే కూర్చున్నాయి. మనకు ముఖ్యంగా కావాల్సింది మూడోది.

చివరి పూట అయిన మూడు వారాలకు, చెప్పాపెట్టకుండా, మొదటి రోజు ఇచ్చిన మూడు పనుల్లాంటివే మళ్ళీ ఇవ్వండి. పేర్లు తీసేసి పాతవీ కొత్తవీ కలిపేసి, వర్క్‌షాప్‌తో సంబంధం లేని ఇంకో అధ్యాపకురాలి చేతికివ్వండి. ఏది ముందు రాసింది, ఏది తర్వాత రాసింది గుర్తుపట్టమనండి. ఆమె గుర్తుపట్టగలిగితే వర్క్‌షాప్ పనిచేసినట్టు. గుర్తుపట్టలేకపోతే ఏ పనిలో గుర్తుపట్టలేకపోయారో చూడండి, వచ్చే బ్యాచ్‌కు మార్చాల్సిన పూట అదే. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు మెయిళ్ళు తేలిగ్గా దొరికిపోయాయి, ఇంటర్వ్యూ రికార్డింగులు మాత్రం దొరకలేదు. కారణం వెతికితే, ఆ పూటలో అతిథి ఎక్కువ మాట్లాడటం వల్ల రెండో ప్రయత్నం ఎగిరిపోయింది.

ఈ మూడు వారాల్లో ఆరంభ శూరత్వం చల్లారకుండా జట్లను అలాగే ఉంచండి. వారానికోసారి పదిహేను నిమిషాలు, క్యాంటీన్లోనైనా సరే, ముగ్గురూ ఒక ప్రశ్న వేసుకుని జవాబు చెప్పుకోవాలి. మీరు లేకుండా. మొదటి పూట చివర్లో రాసుకున్న వాక్యం అమలైందో లేదో అడగాల్సింది కూడా జట్టులోని మిగతా ఇద్దరే.

అన్నీ అయ్యాక ఒక ఫైలు తయారు చేయండి. పేర్లు కొట్టేసిన అధ్వానపు మెయిళ్ళు నాలుగు, బాగుపడ్డవి నాలుగు, ఫిర్యాదు చీటీల సెట్టు, ఏ పూటలో ఎన్ని నిమిషాలు ఎక్కడ కారిపోయాయో రాసిన కాగితం. వచ్చే ఏడాది ఈ పని నెత్తినేసుకునేవాళ్ళకు ఆ ఫైలు ఇచ్చేయండి. దానితోపాటు ఈ బ్యాచ్‌లో బాగా చూసి రాసుకున్న మూడో మనుషులు ఐదారుగురి పేర్లు ఇవ్వండి, రాబోయే జట్ల మధ్య తిరగాల్సింది వాళ్ళే.